కేసు తేలేలోపు పెరిగిపోయే పిల్లల గురించి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల గౌరవ ప్రధాన న్యాయమూర్తులకు,



నేను ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. సోమవారం ఒక భార్య తరఫున వాదిస్తే మంగళవారం ఇంకెవరో భర్త తరఫున నిలబడతాను. అందుకని ఈ ఉత్తరంలో ఏదో ఒక పక్షం వాసన వెతకొద్దని ముందే మనవి. పేరు రాయడం లేదు. రాస్తే నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో తెలిసిపోతుంది. వాళ్లు కోరితే వాళ్ల గొడవ నాలుగు గోడల మధ్యే వినాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. కింద రాసిన ఉదాహరణల్లో ఊళ్లూ వివరాలూ మార్చాను.

మీ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. 2019 జనవరి 1న హైకోర్టు రెండయింది. కాపురాలు అలా రాష్ట్రాలవారీగా విడిపోలేదు. అమ్మాయిది గుంటూరు, అబ్బాయిది ఖమ్మం, కాపురం కూకట్‌పల్లిలో. మాటా మాటా పెరిగాక ఆమె పుట్టింటికి వెళ్లి అక్కడ కేసు వేస్తుంది, అతను ఇక్కడ వేస్తాడు. ఇంతకుముందు ఈ రెండింటినీ ఒకచోటికి తేవడానికి హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌ఫర్ పిటిషన్ సరిపోయేది. ఇప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి. ఢిల్లీ వకీలు ఫీజు, అక్కడ స్టే, ఇక్కడ వాయిదా. ఆ స్టే ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఏ ఐఏ (మధ్యంతర పిటిషన్) కదలదు, పిల్లల ఐఏతో సహా.

అసలు విషయానికి వస్తాను. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ మధ్యంతర భరణానిది. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని 2001లో సవరణ తెచ్చారు. 26వ సెక్షన్ పిల్లలది. దానికీ అప్పుడే 60 రోజుల గడువు కలిపారు. అయితే ఆ వాక్యం నిదానంగా చదివితే గడువు పెట్టింది పిల్లల పోషణ, చదువు గురించి వేసే పిటిషన్‌కే. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, రెండోవారు ఎప్పుడు, ఎక్కడ చూడాలి అన్న పిటిషన్‌కు ఏ గడువూ లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు గానీ అందులోనూ రోజుల లెక్క లేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లల సంగతీ చాలావరకు ఆ పాత చట్టం కిందే తేలాలి. గృహహింస చట్టంలో మాత్రం మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, పిటిషన్ పరిష్కారం 60 రోజుల్లో అని రాసి ఉంది. అది నడుస్తున్న తీరు మీకు నేను చెప్పాలా?

గడువు లేని పిటిషన్ ఎలా నడుస్తుందో మాత్రం చెప్పాలి. మీ ముందుకు వచ్చేసరికి అది సివిల్ రివిజన్ పిటిషన్ అయిపోయి, ఒక చక్కని బైండింగ్‌లో ఉంటుంది. కింద అలా ఉండదు. ఐఏ వేస్తాం. ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కి వస్తుంది. సరిచేసి వేస్తే నంబరు పడుతుంది. నోటీసు వెళుతుంది, ‘ఇంటికి తాళం’ అని తిరిగొస్తుంది. మళ్లీ బత్తా కట్టి మళ్లీ నోటీసు. అవతలివారు వకాల్తా వేసి కౌంటర్‌కు టైమ్ అడుగుతారు. కౌంటర్ వచ్చేలోపు కౌన్సెలింగ్‌కు పంపుతారు, ఎందుకంటే రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అని ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ అంటుంది. కౌన్సెలింగ్‌కు ఒకరు వస్తే ఒకరు రారు. అది విఫలమైందని కాగితం వచ్చాక వాదనలు. వాదనలు సగంలో ఉండగా జడ్జిగారికి బదిలీ. కొత్త జడ్జిగారు మొదటి నుంచి వింటారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ మధ్యలో బార్ బహిష్కరణలు. వాటి గురించి నేను మాట్లాడితే రేపు క్యాంటీన్‌లో నాకు టీ పోసేవాడుండడు.

ఐఏ వేసిన రోజు ఎల్‌కేజీలో ఉన్న పాప ఉత్తర్వు వచ్చేనాటికి రెండో తరగతి చదువుతుంటుంది. అప్పుడు ఉత్తర్వులో ఏముంటుంది? బిడ్డ ఇప్పుడున్నచోట అలవాటు పడింది, స్కూలు అక్కడే, స్నేహితులు అక్కడే, రెండోవారి దగ్గర కొత్తగా ఉంది, కదిలిస్తే మంచిది కాదు అని ఉంటుంది. ఆ మాట నిజమే. బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యమని హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ చెప్పింది, ఆ రోజుకు బిడ్డ మేలు అక్కడే ఉంది కూడా. కానీ ఆ అలవాటును తయారుచేసింది మన వాయిదాలు. ఎవరి చేతిలో బిడ్డ ఉందో వారికి ప్రతి వాయిదా ఒక సాక్ష్యం అవుతుంది. ఈ సంగతి అందరు క్లయింట్లకూ తెలుసు. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు చాలామంది అడిగేది, ‘మేడమ్, పిల్లాణ్ని ముందే తెచ్చేసుకుంటే మనకు ప్లస్సా?’ అని. అబద్ధం చెప్పలేను, ప్లస్సే. బిడ్డ మనసును ఒకరు రెండోవారిపై విరిచేయడం గురించి 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గట్టిగానే రాసింది. ఆ విరగడం తుది విచారణలో జరగదు. ఈ ఐఏ కాలంలోనే, నెల తర్వాత నెల, ఫోన్ ఎత్తకపోవడంలో, ‘ఈ వారం జ్వరం’ అన్న మెసేజ్‌లో జరిగిపోతుంది.

ఒక శనివారం సంగతి చెబుతాను. మధ్యంతర ఉత్తర్వు ప్రకారం నెలకు రెండుసార్లు, కోర్టు ఆవరణలో, రెండు గంటలు. తండ్రి మెదక్ జిల్లా నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చాడు. రిమోట్ కారు తెచ్చాడు, ఖరీదైనదే. పిల్లాడు వాళ్లమ్మ చున్నీ కొస వదలకుండా గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వాణ్ని గదిలోకి నెట్టి, తను కారిడార్‌లో కనబడేలా కూర్చుంది. డబ్బా విప్పితే కారులో బ్యాటరీలు లేవు. అతను బయటికి పరుగెత్తాడు. కోర్టు ఎదుట జిరాక్స్ షాపులు, స్టాంపు పేపర్లమ్మేవాళ్లు, నోటరీ బల్లలు తప్ప ఏముంటాయి? వెతికి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఈలోపు పిల్లాడు గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు గట్టిగా చదువుతున్నాడు, ఆ గదిలో చదవడానికి అదొక్కటే ఉంది. బ్యాటరీలు వేశాక కారు నడిచింది. పక్క బల్ల కింద దూరింది. అక్కడ వేరే జంట పాప తన తండ్రితో మాట్లాడకుండా ఏడుస్తోంది. మనవాడు కారు తీసుకోవడానికి వెళ్లి, ఆ పాప ఏడుపు చూసి, తనూ మొదలుపెట్టాడు. టైమ్ అయిపోయిందని కోర్టు ఉద్యోగి చెప్పాడు. ఆయన్ని అనుకోవడానికేమీ లేదు, భోజనానికి వెళ్లాల్సిన మనిషి పిల్లల ముఖం చూసి ఆగాడు. తర్వాతి నెల అవతలివారి అఫిడవిట్‌లో ‘తండ్రిని చూస్తేనే మైనర్ ఏడుస్తున్నాడు’ అని వచ్చింది.

ఇక డబ్బు వైపు. భార్యాభర్తలు విడిగా ఉంటున్నప్పుడు రెండు మాటలు జంటగా వినబడతాయి. ‘బిడ్డను చూపించనప్పుడు భరణం ఎందుకివ్వాలి?’ అని ఆయన. ‘పైసా పంపనప్పుడు ఎందుకు చూపించాలి?’ అని ఆవిడ. చట్టం ప్రకారం ఈ రెంటికీ ముడి లేదు. బిడ్డ తిండి ఖర్చు ఆ బిడ్డను చూసినందుకు కట్టే టికెట్ కాదు, బిడ్డ ముఖం ఆ ఖర్చుకు ఇచ్చే రసీదూ కాదు. కానీ కోర్టు రెండింటినీ ఒకే రోజు, ఒకే కట్టలో పెట్టి వింటుంది గనుక జనం ముడి ఉందనే అనుకుంటారు. అమలు దగ్గర తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. భరణం బకాయి పడితే నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, అంటే 2024 జూలై దాకా సీఆర్‌పీసీ 125 అన్న దాని కింద, వారెంట్ వెళుతుంది, జైలుకూ పంపొచ్చు. విజిటేషన్ ఎగ్గొడితే? ఇంకో ఐఏ. దాని మీద ఇంకో కౌంటర్.

మధ్యంతర కాలంలో అసలు బేరం మా బల్లల దగ్గరే నడుస్తుంది. మ్యూచువల్ విడాకులకు ఒప్పుకుంటే ఎంత, ఫ్లాట్ ఎవరికి, బంగారం ఎన్ని తులాలు వెనక్కి, 498ఏ ఎప్పుడు తీసేస్తారు, ఆదివారాలు ఎన్ని. అన్నీ ఒకే కాగితం మీద. బేరంలో ఆదివారాలు చిల్లర లాంటివి, లెక్క కుదరకపోతే రెండు వేస్తారు, రెండు తీస్తారు. ‘మియాపూర్ ఫ్లాట్‌లో సగం వాటా వదులుకుంటే ప్రతి శని, ఆదివారాలూ పంపిస్తాం’ అన్న మాట నా చెవులతో విన్నాను. అవతలి పక్షం పెద్దమనిషి అంతే నిబ్బరంగా ‘శనివారాలు వద్దులే, రేటు తగ్గించండి’ అన్నాడు. ఆ పెద్దమనిషి పిల్లకు స్వయానా తాత. పిల్లలు ఆస్తిపాస్తులు కారని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. మా బల్లల దాకా ఆ మాట ఇంకా రాలేదు.

మీరు చేయగలిగింది ఇక్కడే ఉందని నా నమ్మకం. బిడ్డ టైమ్‌టేబుల్‌ను ఆస్తి తగాదా నుంచి విడదీసి, ముందుగా, బేరానికి అందకుండా పెట్టేయడం. దీనికి పార్లమెంటు అక్కర్లేదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ గురించి, పేరెంటింగ్ ప్లాన్ల గురించి వివరంగా సిఫార్సు చేసింది. అది చట్టం కాలేదు. కానీ 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 21వ సెక్షన్ హైకోర్టుకు రూల్స్ చేసే అధికారం ఇచ్చింది. పని వేళలు, సెలవు రోజుల్లో, వేళ కాని వేళల్లో కోర్టు కూర్చోవడం, మామూలు చోటు కాక వేరే చోట కూర్చోవడం కూడా ఆ రూల్స్‌లో పెట్టొచ్చని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. 1984లో ఈ మాటలు రాసినవారికి పిల్లలు బడికి వెళతారని, ఉద్యోగస్తులకు ఆదివారమే తీరిక అని గుర్తున్నట్టుంది.

పరాయి దేశం సంగతి చెబితే మనకు చిరాకు, నాకూ అంతే. కానీ డాలస్ చుట్టుపక్కల ఇప్పుడు ఎంతమంది తెలుగువాళ్లున్నారో మీకు తెలుసు, వాళ్ల అమ్మానాన్నలే మన కోర్టుల్లో జీపీఏ పట్టుకుని నిలబడుతున్నారు. టెక్సాస్ కుటుంబ చట్టంలో మూడేళ్లు దాటిన పిల్లలకు ఒక ప్రామాణిక టైమ్‌టేబుల్ రాసే ఉంది. బిడ్డ ఎవరి దగ్గర ఉండదో వారికి నెలలో మొదటి, మూడో, ఐదో వారాంతాలు, బడి రోజుల్లో గురువారం సాయంత్రాలు, వేసవిలో 30 రోజులు, పండగలు ఒక ఏడు ఒకరికి, మరుసటి ఏడు ఇంకొకరికి. దంపతులు వేరేగా ఒప్పుకుంటే వేరేగా. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. డాలస్, కాలిన్ కౌంటీల్లో అయితే విడాకుల పిటిషన్ వేసిన రోజే ఒక స్టాండింగ్ ఆర్డర్ దానికి అంటుకుని వస్తుంది. బిడ్డను దాచకూడదు, స్కూలు మార్చకూడదు, ఆస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ వాదించక్కర్లేదు. ఫ్రిస్కోలో విడిపోయే తెలుగు దంపతులకు మొదటి రోజే దొరికే ఈ పాటి నిలకడ నిజాంపేటలో విడిపోయేవాళ్లకు మూడేళ్లకు దొరుకుతోంది. ఆ ఫ్రిస్కో దంపతుల్లో ఒకరు బిడ్డను తీసుకుని ‘సెలవులకు’ విజయవాడ దిగి, తిరుగు టికెట్ రద్దు చేసుకున్నారనుకోండి, 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు గనుక ఆ కథ ఇంకో దారి పడుతుంది. దాని గురించి రాస్తే ఈ ఉత్తరం రేపటికి తెమలదు.

మన దగ్గర అలాంటి నమూనా టైమ్‌టేబుల్ ఎందుకుండకూడదు? కొన్ని హైకోర్టులు పేరెంటింగ్ ప్లాన్ మార్గదర్శకాలు ఇప్పటికే పెట్టుకున్నాయి. కానీ అరువు తెచ్చుకుంటే మన పిల్లల క్యాలెండర్‌కు అతకదు. తెలంగాణలో దసరాకు సెలవులు ఎక్కువ, బతుకమ్మకు ఆడపిల్ల ఏ ఇంట ఉండాలన్నది పెద్ద విషయం. ఆంధ్రలో సంక్రాంతికి ఎక్కువ. రంజాన్, క్రిస్మస్ జరుపుకునే ఇళ్లకు వేరే. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఔటింగ్ రోజే దిక్కు, అది నెలకొకసారి. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివే కుర్రాడికైతే అమ్మానాన్నలు కలిసే ఉన్నా దొరికేది ఆ ఒక్క రోజే! ఇవన్నీ తెలిసినవాళ్లు మీ రెండు రాష్ట్రాల్లో కూర్చుని ఒక్కొక్క పేజీ రాస్తే చాలు. ఏ ఉత్తర్వూ లేనప్పుడు ఆ పేజీ అమల్లో ఉంటుంది. వాదనలన్నీ దానికి మినహాయింపుల మీదే జరుగుతాయి. పిల్లల ఐఏ నంబరు పడ్డ రెండు వారాల్లో జడ్జిగారి ముందుకు రావాలని, వీడియో కాల్ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలని అందులో ఒక మాట కలపండి. వీడియో కాల్ గురించి 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కూడా మేం దాని కోసం వేరే పిటిషన్ వేస్తున్నాం.

ఇక్కడ నన్ను ఆపి ఒక ప్రశ్న వేయాలి మీరు. తాగొచ్చి కొట్టేవాడికి కూడా మొదటి, మూడో ఆదివారాలేనా అని. కాదు. గృహహింస చట్టం 21వ సెక్షన్‌లోనే, కలవడం వల్ల బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు ఒప్పుకోకూడదని ఉంది. నా దగ్గరికి వచ్చే కొందరు తల్లులు చూపించే ఫోటోలు చూశాక విజిటేషన్ అన్న మాట నోటితో అనబుద్ధి కాదు. ఆ భయాన్ని ‘అబద్ధపు కేసులు’ అని కొట్టేసే మగవాళ్ల సంఘాల కరపత్రాలు నాకు వస్తుంటాయి, చెత్తబుట్టలోకి వెళుతుంటాయి. అలాగే, మచ్చలేని తండ్రి మీద ‘హాని’ అన్న ఒక్క మాట కౌంటర్‌లో పడేసి రెండేళ్లు నెట్టుకొచ్చిన కేసులూ చూశాను. రెండింటినీ విడదీయాలంటే ఆ ఆరోపణ మొదట వినాలి, చివర కాదు. ఇప్పుడు అది కౌంటర్ ఏడో పేరాలో నిద్రపోతుంటుంది. హాని అన్న మాట రాగానే ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద ఒక సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పిలిచి, తేలేదాకా ఒకరి పర్యవేక్షణలో కలిపితే, నిజంగా భయపడే తల్లికీ న్యాయం, ఊరికే నిందపడ్డ తండ్రికీ న్యాయం. ఆ నిపుణుల జాబితా ప్రతి ఫ్యామిలీ కోర్టులో గోడకు ఉండాలి. సమన్లు అందినవాళ్ల పేర్లుండే బోర్డు పక్కన చోటు బాగానే ఉంది.

ఆస్తి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లల్ని బేరంలోకి లాగేది అదే. మన దేశంలో, గోవాను పక్కన పెడితే, భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అన్న భావనే చట్టంలో లేదు. పత్రం ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిది. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చినవాటి దగ్గరే ఆగిపోతుంది, ఆచరణలో అంటే మంచం, బీరువా, ఫ్రిజ్. మెల్‌బోర్న్‌లో అయితే పంపకంలో ఇంటిపని, పిల్లల పెంపకం కూడా లెక్కకొస్తాయి. ఇక్కడ ఆమె జీతం ఇంటి ఖర్చుకు పోయి, ఆయన జీతంలోంచి ఈఎంఐ కడితే ఫ్లాట్ ఆయనది. తిరగేసి కట్టి ఉంటే ఆమెది. పన్నెండేళ్ల కాపురం, ఎవరి ఖాతాలోంచి ఏ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ వెళ్లిందన్న దాని మీద నిలబడుతుంది.

అందులో మన తెలుగు ఇళ్ల ప్రత్యేకత ఒకటుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు. నోటి మాట మీద ఇస్తారు, శిస్తు నాన్నే కడతాడు, పాసు పుస్తకం నాన్న పేరునే ఉంటుంది. ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే వర్తించేలా, దేశం కంటే ఇరవై ఏళ్లు ముందు, చట్టం చేసినా ‘నీకు పొలం ఇచ్చాంగా’ అని చెప్పి వాటా మాట తేనివ్వరు. తర్వాత ఆ పొలం అమ్మి అల్లుడి ఫ్లాట్‌కు డౌన్‌పేమెంట్ కడతారు. ఫ్లాట్ అత్తగారి పేరున రిజిస్టర్ అవుతుంది. గొడవ వచ్చిన రోజు ఆ అమ్మాయి చేతిలో ఏ కాగితమూ ఉండదు. వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం కట్నంగా తీసుకున్నది ఎవరి చేతిలో ఉన్నా ఆ అమ్మాయికి మూడు నెలల్లో బదిలీ చేయాలి. ఆ సెక్షన్ వాడినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. కట్నం ఇచ్చామని ఒప్పుకోవడానికి పుట్టింటివాళ్లకు భయం. బాధితులు చెప్పిన మాటకు వాళ్ల మీదే కేసు పెట్టకూడదని 7వ సెక్షన్‌లో ఉన్నా భయమే.

ఉండే హక్కు వేరు, అది కొంత బాగుపడింది. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా కాపురం చేసిన ఇల్లే అని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధుల చట్టం అడ్డుపెట్టుకుని కోడల్ని ఖాళీ చేయించడం కుదరదని అదే ఏడు డిసెంబరులో చెప్పింది. కానీ ఉండటానికి ఆమె ఒక కోర్టుకు, భరణానికి ఇంకో కోర్టుకు, బిడ్డకు మూడో కోర్టుకు, వాటాకు సివిల్ కోర్టుకు తిరుగుతోంది. భార్యాభర్తల మధ్య ఆస్తి దావా ఫ్యామిలీ కోర్టే వినొచ్చని ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ వివరణ చెబుతోంది, గృహహింస చట్టం కింది ఉపశమనాలు అక్కడే అడగొచ్చని ఆ చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. ఒకే గదిలో అడిగే వీలున్నా నాలుగు గదులకు తిరుగుతున్నారంటే అందులో మా వకీళ్ల పాత్ర ఉంది. నాలుగు కేసులంటే నాలుగు ఫీజులు.

ఆస్తుల అఫిడవిట్ గురించి చెప్పకుండా ఉండలేను. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు నమూనా కూడా జతచేసి మరీ చెప్పింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి చెప్పాలి, వ్యవసాయదారులకు వేరే నమూనా, అఫిడవిట్లు వచ్చాక నాలుగు నుంచి ఆరు నెలల్లో మధ్యంతర భరణం తేల్చాలి, పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇవ్వాలి. మంచి తీర్పు. మొన్న నా చేతికి వచ్చిన ఒక అఫిడవిట్ చూడండి. గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం. జీతం కాలమ్‌లో బేసిక్ ఒక్కటే. కంపెనీ షేర్లు ‘నిల్’. చరాస్తులు ‘నిల్’. స్థిరాస్తులు ‘నిల్’. పదమూడు పేజీల్లో ‘నిల్’ అన్న మాట తప్ప అన్నీ ముద్రించినవే. ఈసీ తీసి చూస్తే లీగల్ నోటీసు అందిన తొమ్మిదో రోజున ఫ్లాట్ తమ్ముడికి గిఫ్ట్ డీడ్. ఇంకో కేసులో ఇటువైపు. ‘గృహిణిని, ఆదాయం లేదు’ అని ప్రమాణం, ఇన్‌స్టాలో చీరల వ్యాపారం, రోజూ యూపీఐలో డబ్బులు. ఇలాంటి అఫిడవిట్ ఫైలింగ్ దగ్గరే వెనక్కి పంపితే, మూడేళ్ల ఫారం 16, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ లేనిదే నంబరు పడదంటే సగం అబద్ధాలు గుమ్మం దగ్గరే ఆగుతాయి. తొమ్మిదో రోజు గిఫ్ట్ డీడ్‌లకు మొదటి వాయిదా రోజునే ఇవ్వదగ్గ ఒక నమూనా ఉత్తర్వు ఉండాలి, కాపురం చేసిన ఇల్లు ఎవరూ అమ్మకూడదు, లాకర్ ఒక్కరే తెరవకూడదు అని.

పిల్లల పేరున ఉన్నవి ఎవరూ అడగరు. సుకన్య సమృద్ధి పాస్‌బుక్ నాన్న బీరువాలో, బారసాలకు పెట్టిన గాజులు అమ్మమ్మ లాకర్లో. మైనర్ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ఉంది, గాజులకు అలాంటి సెక్షన్ లేదు. తల్లి కూడా సహజ సంరక్షకురాలే అని 1999లో రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వు బ్యాంకు మీద గెలిచినా కొన్ని బ్యాంకు బ్రాంచిల్లో ఇప్పటికీ ‘ఫాదర్ సైన్’ కావాలంటున్నారు. అఫిడవిట్ నమూనాకు ‘బిడ్డ పేరున ఉన్నవి’ అని ఒక పేజీ కలపండి. తల్లిదండ్రులిద్దరూ దాని మీద సంతకం చేయాలి, అది బేరంలోకి రాకూడదు.

ఇవన్నీ ఒక్కసారి కాదని నాకు తెలుసు. జడ్జీలు తక్కువ, కౌన్సెలర్లు తక్కువ. కాబట్టి ఏదో ఒకటి ముందు చేయాలంటే వేసవి సెలవుల సంగతి చూడండి. బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఏడాదిలో దూరంగా ఉన్న తల్లికో తండ్రికో బిడ్డ పదిహేను రోజులు వరసగా దొరికే అవకాశం అదొక్కటే. దాని కోసం మార్చిలో ఐఏ వేస్తే ఏప్రిల్‌లో నోటీసు, ఈలోపు మే నెల కోర్టులకూ సెలవులు. రిటర్న్ తేదీ జూన్‌లో పడుతుంది, అప్పటికి ఆ పిటిషన్‌లో అడిగిన కాలం గడిచిపోయి ఉంటుంది. అవతలి వకీలు లేచి ‘ఇన్‌ఫ్రక్చుయస్’ అంటారు, కొట్టేస్తారు. దీనికి రూల్ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. సెలవుల విజిటేషన్ పిటిషన్లు ఫిబ్రవరిలోనే తీసుకోవాలి, మార్చి 31లోపు ఉత్తర్వు ఇవ్వాలి, మిగిలిపోయినవి మే నెలలో వెకేషన్ కోర్టు వినాలి, వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో పంపిన నోటీసు కూడా అందినట్టే లెక్క వేయాలి. ఇదే పద్ధతి దసరాకు ఆగస్టులో, సంక్రాంతికి నవంబరులో. ముసాయిదా కావాలంటే పంపుతాను, ఒక పేజీ కూడా లేదు.

ఇట్లు,
ఫ్యామిలీ కోర్టు న్యాయవాది ఒకరు